దానయ్య గారి ఆకుపచ్చ దీపం

పోయిన వారం మా వరండా దీపం మిణుకుమిణుకుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. పోర్ట్‌బ్లెయిర్ లంబాలైన్‌లో మా ఇంటి మీదుగా విమానం దిగినప్పుడల్లా ఆ దీపం ఒకసారి ఆరి మళ్ళీ వెలుగుతోంది. విమానానికీ నా దీపానికీ ఏం సంబంధమో నాకు తెలియదు, నిచ్చెన ఎక్కినాయనకూ తెలియలేదు. ఈ రోజుల్లో అందరూ ప్లాస్టిక్ టేపు వాడతారు గానీ, ఆయన సంచిలో ఎక్కడిదో పాత గుడ్డ టేపు చుట్ట ఒకటి ఉంది. నల్లగా, జిగటగా, తారు వాసన వేసే టేపు. దాన్ని పళ్ళతో పట్టి చర్రున చించాడు. ఆ వాసన తగలగానే నేను అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. "క్యా హువా ఆంటీ?" అని ఆయన కంగారుపడి దిగబోయాడు. ఏమీ లేదు భయ్యా, ఆ టేపు ఇంకో ముక్క చించు అన్నాను. ముసలావిడకి మతి చలించిందనుకుని ఉంటాడు. చించి చేతికిచ్చి తన పని తాను చేసుకున్నాడు.

ఆ వాసన దానయ్య గారిది. ఆయన చొక్కాలో, చేతుల్లో, టీ గ్లాసు అంచున కూడా అదే వాసన ఉండేది. ఆయన నాకు బంధువు కాదు, గురువూ కాదు. మా బండి డ్రైవరు. ముప్పయ్యేళ్ళ పైగా నర్సుగా పనిచేశాను, పెద్ద పెద్ద డాక్టర్ల దగ్గర పనిచేశాను. అయినా పని ఎలా చెయ్యాలో ఎవరు నేర్పారంటే నాకు గుర్తొచ్చేది ఆయనే. ఆయనకు నేను మేలు చేశానా, కీడు చేశానా అన్నది మాత్రం ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. తేలితే ఇది రాసేదాన్నే కాదు.

డెబ్బైల్లో సంగతి. రాజమండ్రి దగ్గర నుంచి ఉద్యోగం మీద పోర్ట్‌బ్లెయిర్ వచ్చిన కొత్తలో, నన్ను వార్డులో వెయ్యకుండా ఒక బండిలో వేశారు. అది పాత బస్సు. సీట్లు పీకేసి, లోపల రెండు పడకలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, మందుల బీరువా, రోగిని పడుకోబెట్టే బల్ల అమర్చారు. అందరూ దాన్ని ఘర్‌గాడీ అనేవారు. అది నిజంగా ఇల్లే. నాలుగేసి రోజులు అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, కొత్తగా అడవి కొట్టి భూములిచ్చిన పల్లెలకూ, మన తెలుగు జాలర్ల పేటలకూ తిరిగేవాళ్ళం. నేనూ డాక్టరమ్మా లోపల పడుకునేవాళ్ళం. డాక్టరమ్మ బెంగాలీ మనిషి, మాతో హిందీలోనే మాట్లాడేది. దానయ్య గారు బండి పక్కన టార్పాలిన్ కట్టుకుని దాని కింద పడుకునేవారు. ఆయనది శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరు. చిన్నతనంలో వల లాగి, తర్వాత ఓడలో ఎలక్ట్రీషియన్ దగ్గర ఖలాసీగా చేసి, చివరకు ఈ దీవుల్లో డ్రైవరుగా స్థిరపడ్డారు.

ఆ బండి లోపల ఎలా ఉన్నా ఫరవాలేదు గానీ, బయటి దీపాలతోనే మా చావు. దీవులకు వచ్చేనాటికే అది ముసలిది, ఆ పైన ఉప్పుగాలి. బ్రేకు తొక్కితే తలుపు దగ్గర మెట్టు దీపం మెల్లగా వెలిగేది. ఎడమకు తిరగబోతే ముందు దీపాలు నీరసపడేవి. రోగులు వరసగా నిలబడడానికి బండి పక్కన పెద్ద దీపం ఒకటుండేది. అది వేస్తే వెనక ఇండికేటరు కన్నుకొట్టేది. ఇక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది, పొలాల నుంచి, పడవల నుంచి జనం వచ్చేదే ఆ వేళకి. నేను సూది పట్టుకుని నిలబడితే దీపం గుడ్డిదవుతుంది. ఒకరోజు విసుగెత్తి ఆ దీపాన్ని చెడామడా తిట్టాను. బండి కింద నుంచి దానయ్య గారి గొంతు వినిపించింది.

"దీపాన్ని తిట్టకండి సిస్టరమ్మా. కరెంటు ఎళ్ళీ దారి బాగానే ఉంటాది. తిరిగొచ్చీ దారే పాడవుద్ది."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని చెప్పారు. మోటారు బండ్లలో దీపానికి ఒక్క తీగే వెళుతుందట. కరెంటు తిరిగి రావడానికి బండి ఇనుమే దారి. ఇక్కడి గాలికి ఆ ఇనుము తుప్పు పడుతుంది, దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆ కరెంటు పక్క దీపంలో నుంచి దూరి ఎలాగోలా ఇంటికి చేరాలని చూస్తుంది. బ్రేకు తొక్కితే మెట్టు దీపం వెలిగేది అందుకే. "ఓడలో మేం ఇనుముని నమ్మమండి. పోయీ తీగొకటి, వొచ్చీ తీగొకటి. దీనికీ అలగే ఏసీస్తాను, ఒక్కో దీపానికీ రెండు తీగలు. టైం పడతాది, క్యా కరే."

టైం పట్టడం కాదు, ఏడాది పట్టింది. తీగ దొరికినప్పుడల్లా ఒక్కో దీపం. పాత తీగ కోస్తే లోపల రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి, పిండిలా రాలేది. దీపాల డబ్బాల వెనక ఆయన చెయ్యి దూరేది కాదు. నా చెయ్యి సన్నం. అలా నేను ఇరుక్కున్నాను. నర్సు ఉద్యోగానికి వచ్చి బండి కింద పడుకునే యోగం ఇంకెవరికైనా పట్టిందో లేదో నాకు తెలియదు. మొదట్లో సణుక్కుంటూనే చేశాను. ఆయన పట్టించుకునేవారు కాదు. "ఒక్కసారి ఒక్కటే విప్పండి. రెండు విప్పితే ఏది తప్పో మీకు తెల్దు, నాకూ తెల్దు" అనేవారు. రెండోది విప్పబోతే చేతి మీద చిన్నగా కొట్టేవారు.

ఆయన ప్రతి తీగ కొసకీ వల అల్లే నూలుతో ముడులు వేసేవారు. ఎడమ వైపు దీపానికి ఒక ముడి, కుడి వైపుకు రెండు, తిరిగొచ్చే తీగకు పొడుగ్గా చుట్టిన చుట్టు. తీగలకు రంగులున్నాయి కదా, ఈ ముడులెందుకని అడిగాను. "ఎండకి రంగు ఎలిసిపోద్దమ్మా. ముడి ఎలవదు" అన్నారు. మన జాలర్లు ఇంటింటికీ వలకు వేరే గుర్తు కట్టుకుంటారు కదా, ఆ అలవాటే అనుకున్నాను. కళ్ళు మూసుకుని వేళ్ళతో పట్టి చూడమనేవారు. తీగ ఒకటా, రెండా? ముడి ఎన్ని? మొదటి నెలంతా తప్పే చెప్పాను. తర్వాత తర్వాత నా వేళ్ళకే తెలిసిపోయేది. ఆ వర్షాకాలంలో ఒక పల్లెలో వాంతులూ విరేచనాలతో ఎండిపోయిన పసిపాపను తెచ్చారు. సెలైన్ ఎక్కించడానికి నరం కంటికి కనిపించడం లేదు, డాక్టరమ్మ రెండుసార్లు పొడిచి వదిలేసింది. నేను కళ్ళు మూసుకుని మోచేతి మడతలో వేలు ఆనించాను. దొరికింది. బయటికి వచ్చి దానయ్య గారితో చెబితే ఆయన బీడీ పారేసి, "మరేటి!" అన్నారు, తానే సూది పొడిచినంత సంబరంగా.

వెనక దీపాల వంతు వచ్చేసరికి పాత గాజు బిళ్ళలు రెండూ పగిలి ఉన్నాయి. దానయ్య గారు ఎక్కడో ఓడల తుక్కులో రెండు గాజు బిళ్ళలు సంపాదించి, శ్రమపడి సాన పట్టి, బిగించారు. తెల్లారి చూస్తే ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. దారిలో కనబడ్డవాళ్ళంతా ఒకటే నవ్వు. "దానయ్య భయ్యా, బండికి జహాజ్ దీపాలు పెట్టావేటి!" ఓడకు రెండు పక్కలా ఎరుపూ ఆకుపచ్చా ఉంటాయి కదా, ఓడ మనిషి ఓడ బుద్ధి పోనిచ్చుకోలేదని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన కూడా నవ్వి ఊరుకున్నారు. డాక్టరమ్మ అయితే ఇది మా ఓడ, నేను కెప్టెన్ అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

రెండు రోజుల తర్వాత ఫెర్రీ దాటి అవతల హోప్ టౌన్‌లో బండి ఆపాం. చేప ముల్లు గుచ్చుకుని చెయ్యి వాచిన ముసలి జాలరి ఒకాయన కట్టు కట్టించుకుంటూ బండి వెనక్కి చూసి మొహం చిట్లించాడు. "అదేటమ్మా, ఓడకి ఎడం పక్క కదా ఎరుపు? ఇదేటి, తిప్పి పెట్టీసినాడు? పదేళ్ళు ఓడలో చేసినోడు ఈ తప్పు సేస్తాడేటి?"

నేను కట్టు కడుతున్న చెయ్యి ఆపాను. నిజమే. ఎడమ వైపున ఆకుపచ్చ ఉంది. ఓడ మీద ఒక్క రోజు పనిచేసిన కుర్రాడు కూడా అలా పెట్టడు. సరదాకు పెట్టేవాడైతే సరిగ్గా పెడతాడు కదా. మరి ఇదేమిటి? ఆ సాయంత్రం బండి దగ్గర ఎవరూ లేనప్పుడు, ఎరుపొకటి, ఆకుపచ్చొకటి రంగు టేపు చుట్టలు రెండు ముందు పెట్టి, ఆకుపచ్చది ఇటివ్వండి దానయ్య గారూ అన్నాను. ఆయన చెయ్యి రెండింటి మీదా ఆగిపోయింది. "మీకు తెలిసిపోనాదా?" అన్నారు.

పుట్టినప్పటి నుంచీ అంతేనట. ఎరుపూ ఆకుపచ్చా ఆయనకు ఒకే మాదిరి, ఎండుటాకు రంగులో ఒకటి కొంచెం ముదురు, ఒకటి కొంచెం లేత. గాజు బిళ్ళలు రెండూ ఒకే రంగనుకుని బిగించారు. ఓడలో పై పనికి వెళ్ళాలంటే కళ్ళ పరీక్ష తప్పదని తెలిసి, అక్కడ నుంచి దిగిపోయారు. మరి డ్రైవరు ఉద్యోగానికి పరీక్ష ఎలా దాటారని అడిగాను. రంగు చుక్కల మధ్య అంకెలు కనుక్కునే పుస్తకం ఉంటుంది. దాన్ని ఓడలో తోటివాడు ఒకడు ముందు నుంచి చివరి దాకా చదివి వినిపిస్తే, పేజీల వరసంతా బట్టీ పట్టేశారట. మొదటి పేజీ అందరికీ కనిపిస్తుంది, మిగతాది నోటి లెక్క. "వరస తప్పకపోతే నాను తప్పను సిస్టరమ్మా." తర్వాత ఇంకో మాట అన్నారు. "సముద్రం మీద నుంచి నన్ను నానే దించీసుకున్నాను. ఈ సీటొక్కటే నాకుంది. దీన్నుంచి కూడా దిగమంటే ఎక్కడికెళ్ళను?" నేను ఎవరికీ చెప్పనని మాటివ్వలేదు, చెబుతాననీ అనలేదు. మర్నాడు ఊళ్ళోకి తిరిగొచ్చాక మిడిల్ పాయింట్ దుకాణంలో ఎర్ర గాజు ఒకటి నేనే చూసి కొనుక్కొచ్చాను. ఆకుపచ్చది తీసి పారేశాం.

రంగు తెలియకపోతే ఏం పోయింది, ఈ దీవుల్లో అప్పుడు సిగ్నలు స్తంభమన్నదే లేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నెల తిరగలేదు. బాంబూఫ్లాట్ రేవులో బండిని ఫెర్రీ మీదికి ఎక్కిస్తున్నాం. ఆ చివర నిలబడ్డ మనిషి ఎర్రజెండా చాపాడు, ఆగమని. బండి ఆగలేదు. ఫెర్రీకీ జెట్టీకీ మధ్య పలక ఇంకా దించలేదు. "రోకో! గాడీ రోకో!" అని డాక్టరమ్మ వెనక నుంచి తలుపు బాదింది. ముందు చక్రం నీళ్ళకు మూరెడు దూరంలో ఆగింది. అందరూ జెండా మనిషినే తిట్టారు, వెలిసిపోయిన జెండా పట్టుకున్నాడని. దానయ్య గారు దిగి ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టారు. నాకు ఆయన మీద జాలి, కోపం, భయం మూడూ ఒకేసారి వచ్చాయి. ఆ మధ్యాహ్నం నుంచి నేను ముందు సీట్లోకి మారాను. జెండా కనబడితే మెల్లగా ఎరుపు అనేదాన్ని, పచ్చ అనేదాన్ని. ముందు లారీ వెనక దీపం వెలిగితే చెప్పేదాన్ని. మేము కబుర్లు చెప్పుకుంటున్నామని డాక్టరమ్మ అనుకునేది. నేను సెలవు పెట్టిన రోజున ఆయన ఎవరితో వెళ్ళేవారో, ఎలా వెళ్ళేవారో తలచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

ఇలా ఉండగా, డ్రైవర్లందరికీ కళ్ళ పరీక్ష చెయ్యమని కాగితం వచ్చింది. డాక్టరమ్మ ఆ చుక్కల పుస్తకం నా చేతికిచ్చి, పేజీలు నువ్వు తిప్పు, నేను పక్కన కూర్చుని రాసుకుంటాను అంది. పరీక్ష మర్నాడు పొద్దున. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. పేజీలు వరసగా తిప్పితే ఆయన గట్టెక్కుతారు, నేను ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. వరస మారిస్తే ఆయన అక్కడికక్కడే దొరికిపోతారు. వరసగా తిప్పితే రేపు ఏ జెట్టీ దగ్గరో నీళ్ళలో పడేది ఆయన ఒక్కరే కాదు. ఆ సాయంత్రం పుస్తకం తీసి ఒకసారి తిరగేశాను. మా చెమ్మకు ఏ పుస్తకమైనా బూజు పడుతుంది. ఒకచోట కాగితం మందంగా తగిలింది. బ్లేడు పెట్టి విడదీయాలనుకున్నాను. అంతలో ఎవరో పిలిచారు, వెళ్ళాను. తిరిగొచ్చి పుస్తకం మూసి బీరువాలో పెట్టాను. ఆ మందపు కాగితం గుర్తుందా, మరిచిపోయానా? ఇదే నాకు ఈ రోజుకీ తెలియనిది. వరసగానే తిప్పాలని నిశ్చయించుకుని పడుకున్నానన్నది మాత్రం గుర్తుంది.

పొద్దున మిడిల్ పాయింట్‌లో మా ఆఫీసు గదిలో దానయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. బయట బండి, ఆఖరి ఇండికేటరు తీగలు వేలాడుతూ నిలబడి ఉంది. నేను పేజీ తిప్పుతున్నాను, ఆయన చెబుతున్నారు. గుడిలో మంత్రం చదివినట్టు తడబాటు లేకుండా వస్తున్నాయి అంకెలు. ఆరు పేజీలయ్యాయి. ఏడో పేజీ తిప్పాను. ఆయన "ఐదు" అన్నారు. నా ముందున్న పేజీలో ఉన్నది నలభై రెండు.

రెండు పేజీలు కలిసి తిరిగాయి. ఆ ఐదు లోపల ఉండిపోయింది. డాక్టరమ్మ కలం ఆపి తలెత్తి, మళ్ళీ చెప్పమంది. "ఫిర్ సే బోలో, దానయ్య." ఆ ఒక్క క్షణంలో నేను చెప్పాల్సిన మాట ఒకటే. పేజీలు అంటుకున్నాయి మేడమ్. అంతే. గోటితో విడదీస్తే ఐదు బయటికి వస్తుంది, మిగతా పేజీలూ వరసలో నడిచిపోతాయి. నా నోరు తెరుచుకోలేదు. దానయ్య గారు నా మొహంలోకి ఒకసారి చూశారు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "ఐదు మేడమ్" అన్నారు. డాక్టరమ్మ పుస్తకం నా చేతిలో నుంచి తీసుకుని, అక్కడొకటి ఇక్కడొకటి తెరిచి చూపించింది. ఇక చెప్పేదేముంది. ఆవిడ కాగితం మీద రాసి, సాక్షి సంతకం నన్ను పెట్టమంది. పెట్టాను. తీగ ఒకటో రెండో వేలితో పోల్చగలిగేలా నన్ను తయారుచేసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నా వేళ్ళకు ఆ రెండు పేజీలు తెలియలేదా? తెలిసీ తిప్పానా? బయటికి వెళ్ళి గోడ పక్కన నిలబడి ఏడ్చాను. తేలు కుట్టిన దొంగలా, చప్పుడు లేకుండా.

మధ్యాహ్నం బండి దగ్గరకు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. ఆయనే కబురంపారు. వెళ్ళేసరికి బండి కింద పడుకుని ఉన్నారు, ఇస్త్రీ చొక్కా విప్పి చెట్టుకు తగిలించి. "రండి సిస్టరమ్మా. ఎడం ఇండికేటరు ఉండిపోనాది. మీ సెయ్యి గావాల." నేను ఏదో చెప్పబోతే, "ముందు ఇది కానీండి" అన్నారు. మూడు రోజులు పనిచేశాం. పరీక్ష సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకటే తేడా. తీగ ఒకటి పైకెత్తి, నలుగురూ వినేలా, "ఇదే రంగు?" అని అడిగేవారు. అన్నాళ్ళు దాచుకున్నది పోయాక ఆయన గొంతు తేలికపడిందనిపించింది. లేక నాకు అలా అనిపించాలని ఉందో. మూడో రోజు సాయంత్రం దీపాలన్నీ వేశాం. బ్రేకుకు బ్రేకు దీపమే వెలిగింది, ఎడమకు ఎడమది వెలిగింది. మెట్టు దీపం దాని మానాన అది కదలకుండా వెలుగుతోంది. ఆ బండి అంత బుద్ధిగా ఉండడం నేను మొదటిసారి చూశాను. దానయ్య గారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, తాళం నా చేతిలో పెట్టి, డ్రైవింగు తీసేసి ఆయనకిచ్చిన ఆస్పత్రి స్టోరు పనికి వెళ్ళిపోయారు.

కొత్త డ్రైవరు వచ్చిన వారానికే ఆ నూలు ముడులన్నీ చెత్త అనుకుని కోసి పారేశాడు. ఒక వానకు ఇండికేటరు ఆగిపోతే ఏ తీగ ఎక్కడిదో తెలియక తల పట్టుకున్నాడు. నేను చీర కొంగు దోపుకుని బండి కింద దూరాను. తీగలు మేం వేసిన వరస నా వేళ్ళకు గుర్తే గనక కళ్ళు మూసుకుని వెతికి, ఊడిన తీగ బిగించి, ఒక ముడి వేసి బయటికి వచ్చాను. అతను నోరు వెళ్ళబెట్టి, "దీదీ, ఆప్ నర్స్ హో న?" అన్నాడు. డాక్టరమ్మ పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ సీట్లో ఉండాల్సిన మనిషి మూడు మైళ్ళ అవతల స్టోరులో దూది బేళ్ళు మోస్తున్నాడు. కానీ జెట్టీ దగ్గర ఎర్రజెండా చాపినప్పుడల్లా బండి ఆగింది. ఆగిన ప్రతిసారీ నా గుండె కుదుటపడింది. కుదుటపడినందుకు మళ్ళీ సిగ్గేసింది.

ఏళ్ళు గడిచాయి. ఆయన పని మానేసి హోప్ టౌన్‌లో కూతురి దగ్గర ఉంటున్నారని తెలిసి, ఒక ఆదివారం పొద్దున ఫెర్రీ ఎక్కి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నారు. నన్ను చూసి లేవబోయారు, వద్దన్నాను. వాళ్ళమ్మాయి టీ ఇచ్చింది. వాతావరణం గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. చివరకు నేను ఉండబట్టలేక అన్నాను. దానయ్య గారూ, ఆ రోజు పేజీలు అంటుకున్నాయి. అంటుకున్నాయని నాకు ముందే తెలుసో తెలియదో, ఒట్టు, నాకే తెలియదు. కానీ తెలిశాక కూడా నేను నోరు విప్పలేదు. అది మాత్రం నా తప్పే.

ఆయన వల పక్కన పెట్టలేదు. "అంటుకున్నాయని నాకు తెలుసు సిస్టరమ్మా."

"ఎలా తెలుసు?"

"రెండు కాయితాలు కలిసి తిరిగితే సప్పుడే వేరు. మొదట నోటికొచ్చింది అనీసినాను. మేడమ్ ఫిర్ సే అన్నాక తెలిసింది. తరవాత పేజీ అంకె కూడా నాకు నోటికొచ్చు. అది సెప్తే అయిపోయీది."

"మరి ఎందుకు చెప్పలేదు?" నా గొంతు పెద్దదైంది. లోపలి నుంచి వాళ్ళమ్మాయి తొంగిచూసింది.

"మీరు సెప్తారేమోనని సూసాను. సెప్పలేదు. నాతో బండెక్కడానికి మీకు బయమేస్తందని అప్పుడు తెలిసింది. అన్నాళ్ళు పక్కన కూకొని ఎరుపు, పచ్చ అని సెప్పిన మనిషికి బయమేస్తే, ఇంక ఆ సీటు నాకెందుకమ్మా?" అని ముడి బిగించి, దారం కొస పళ్ళతో తెంపారు. "అందుకే ఐదు అనే అన్నాను."

నేను ఆయన మొహంలోకి చూశాను. అది నిజమా? లేక ఎదురుగా ఏడవడానికి సిద్ధంగా కూర్చున్న ముసలి నర్సును తేలికపరచడానికి అప్పటికప్పుడు అల్లిన మాటా? అబద్ధం ఆడడం ఆయనకు చేతనవును, ఒక పుస్తకమంతా కనబడినట్టే ఏళ్ళ తరబడి నటించారు. అడగాలనుకున్నాను. నిజం చెప్పండి అని అనడానికి నోరు తెరిచాను కూడా. ఆయన తల వంచుకుని వలలో ఇంకో చిరుగు వెతుక్కుంటున్నారు. ఆయనే చెబుతారేమోనని చూశాను. ఫెర్రీకి టైమయింది. వస్తానని లేచాను.

ఆ మరుసటి వానల్లో ఆయన పోయారు. ఇప్పుడు నేను అడగకుండా ఉండను. డాక్టరునైనా, ఆఫీసరునైనా, కూరలవాణ్నయినా, అర్థం కానిది మొహం మీదే అడుగుతాను. అత్తయ్యా, అన్నీ ఎందుకు గుచ్చి గుచ్చి అడుగుతారని మా కోడలు విసుక్కుంటుంది. అడగవలసిన మనిషి రెండు మూరల దూరంలో కూర్చుని ఉంటే, ఆయనే చెబుతారేమోనని చూస్తూ టీ తాగి వచ్చేశానని ఆ పిల్లకేం తెలుసు.